ఆకు ఒక తీరు, వేరు ఒక తీరు: వయ్యారిభామలా కనిపించే మొండి కలుపు



ఈ వారం పాఠం పురుగు గురించి కాదు, గూటి రేటు గురించీ కాదు. మన ఆకు తోటలో సాళ్ల నడుమ మొలిచే కసువు గురించి. మత్తిగిరి, హోసూరు, బాగలూరు, కెలమంగలం, తళి, సూళగిరి పక్కల తోట పెట్టుకున్న ప్రతి ఒక్కరూ ఒకసారి చదవండి. చదివి ఊరుకోకుండా ఇంట్లో కలుపు తీసే ఆడవాళ్లకు, కూలికి వచ్చేవాళ్లకు కూడా వినిపించండి. కొత్త కలుపు తోటలోకి వస్తే దాన్ని మొదట చేత్తో పట్టుకునేది వాళ్లే.

వయ్యారిభామ మనకు కొత్త కాదు. కాంగ్రెస్ కసువు అన్నా, పార్తీనియం అన్నా అదే. రోడ్డు పక్క, గట్టు మీద, డ్రిప్ పైపు వెంట ఎక్కడ చూసినా అదే. అంతగా అలవాటైపోయింది కాబట్టే ఇప్పుడు ఒక చిక్కు. చీలికల ఆకు కనిపిస్తే చాలు, "ఆ, కాంగ్రెస్ కసువే గదా" అని మన కన్ను దాటి పోతుంది. దానిలాగే కనిపించి, గుణంలో దానికి పూర్తిగా ఎదురైన మొక్క ఇంకొకటి ఉంది. ఈ రెంటినీ వేరు చేసి చూడడం నేర్చుకోవడమే ఇవాళ్టి పాఠం.

*1. ఈ మొక్క ఏది, యాడిది?*

దీని శాస్త్రీయ నామం అంబ్రోసియా సైలోస్టేకియా. ఇంగ్లీషులో పెరెన్నియల్ రాగ్‌వీడ్ అంటారు. ఈ పాఠంలో రాగ్‌వీడ్ అనే పిలుద్దాం. పుట్టిల్లు ఉత్తర అమెరికా. వయ్యారిభామ, బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే. అందుకే ఆకులో ఆ పోలిక.

మన పక్క రాష్ట్రంలో, తుమకూరు జిల్లా తురువేకెరె తాలూకా పొలాల్లో ఇది పాతుకుపోయింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కలుపు శాస్త్రజ్ఞులు పదేళ్ల కిందటే దీన్ని పరిశీలించి, దూసుకొచ్చి పాతుకుపోయే బహువార్షిక కలుపు అని తేల్చి రాశారు. తురువేకెరె అంటే కొబ్బరికి పేరుపడ్డ తిపటూరు పక్క తాలూకా.

అది బెంగళూరుకు అవతల, మనకేమి అనుకోకండి. మన గూళ్లు రామనగర మార్కెట్టుకు పోతాయి. అటునుంచి ఎండుగడ్డి, పశువుల ఎరువు, కొబ్బరి పీచు, నారు మొక్కలు లారీల్లో ఇటు వస్తాయి. వేరు ముక్కకు టికెట్టు అక్కర్లేదు. వయ్యారిభామ మన దేశంలో 1955లో పూణేలో కంటపడింది. ఇవాళ అది లేని దారి మన తాలూకాలో ఒక్కటి చూపించండి. అప్పట్లో దాన్ని మొదటి చెలకలోనే గుర్తుపట్టి ఉంటే మన చేతులకు ఈ దురద, ఈ కూలి ఖర్చు ఉండేవి కావు. రాగ్‌వీడ్ విషయంలో ఆ అవకాశం మనకు ఇంకా ఉంది.

*2. ఏడాది కలుపు, ఏళ్ల కలుపు*

కలుపు మొక్కలు ముఖ్యంగా రెండు రకాలు.

ఏడాది కలుపు గింజతో పుడుతుంది, పూస్తుంది, గింజ రాల్చి చస్తుంది. వయ్యారిభామ ఇదే జాతి. దాని బలమంతా గింజలో ఉంది. ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 దాకా గింజలు రాలుస్తుందని లెక్క. కాబట్టి పూత రాకముందే వేరుతో పెరికితే ఆ మొక్క కథ ముగిసినట్టే.

ఏళ్ల కలుపు వేరే జాతి. పైన కోసినా, ఎండినా, నేల లోపల బతికే ఉంటుంది. తుంగ సంగతి మీకు ఒకరు చెప్పాలా? పైన పెరికితే గడ్డ లోపలే ఉండిపోతుంది, వారం తిరిగేలోపు మళ్లీ మొలక. గరిక కూడా అంతే, ఒక్క కణుపు మిగిలినా చాలు. రాగ్‌వీడ్ ఈ గుంపులోది. దీనికి గింజ తక్కువ, వేరు ఎక్కువ. నేల లోపల వేరు అడ్డంగా పాకుతుంది. ఆ వేరు మీద మొగ్గలు ఉంటాయి. ఒక్కో మొగ్గ ఒక్కో కొత్త మొక్క అవుతుంది. పైన మీకు ఇరవై మొక్కలు కనిపిస్తాయి, కింద చూస్తే అన్నీ ఒకే తల్లి పిల్లలు.

ఇక్కడ మన రైతులు మామూలుగా అడిగే మాట ఒకటి ఉంది: "అన్నా, ఏ కలుపైతే ఏమి, రోటవేటర్ తోలితే అన్నీ పోతాయి గదా?"

పోవు. లేత వయ్యారిభామ మీద రోటవేటర్ తోలితే చస్తుంది, మట్టిలో కలిసి ఎరువు కూడా అవుతుంది. అదే రోటవేటర్ రాగ్‌వీడ్ మీద తోలితే వేరు ముక్కలు ముక్కలవుతుంది. మొగ్గ ఉన్న ప్రతి ముక్కా ఒక విత్తనమే. బ్లేడ్లకు చుట్టుకొని తోట ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంది. అదే బండి సాయంత్రం పక్క రైతు తోటకు పోతుంది. అంటే మనమే బాడుగ ఇచ్చి మరీ విత్తినట్టు.

ఒక కలుపుకు మందైన పని ఇంకో కలుపుకు మేత అవుతుంది. పేరు తప్పు తెలిస్తే పని తప్పు అవుతుంది. గుర్తుపట్టడం ఎందుకు ముఖ్యమంటే ఇందుకే.

*3. ఆకు తోటకు దీనితో ఎక్కువ ముప్పు ఎందుకు?*

రాగి, టమోటా వేసే చేను అయితే పంట మార్చవచ్చు, ఒక కారు బీడు పెట్టి దున్నవచ్చు. మల్బరీ తోట అట్లా కాదు. ఒకసారి నాటితే పది పదిహేనేళ్లు నిలబడే తోట. దాని మొదలు దగ్గర లోతుగా తవ్వలేము, తవ్వితే మల్బరీ వేరే తెగుతుంది.

పైగా ఏటా ఐదారు పంటలకు కొమ్మ కోస్తాం. కోసిన ప్రతిసారీ నేల మీద ఎండ పడుతుంది. నీళ్లు పెడతాం, ఎరువు వేస్తాం. మల్బరీ చిగురు వేసేలోపు కింద ఉన్న కలుపు తల ఎత్తుతుంది. ఏళ్ల కలుపుకు ఇంతకంటే సుఖమైన ఇల్లు ఏముంటుంది? మొదటి ఏడాది మంచమంత చోటులో ఉన్నది, పట్టించుకోకపోతే సాళ్లకు సాళ్లు పాకుతుంది. అప్పుడు ఆకు తగ్గుతుంది, గుడ్లు తగ్గించి చాకీ కట్టాల్సి వస్తుంది.

ఇంకో సంగతి మనుషులది. రాగ్‌వీడ్ పుప్పొడి గాలిలో తేలి పోతుంది. తుమ్ములు, కళ్లు ఎర్రబడడం, ముక్కు కారడం, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం, ఇవన్నీ రాగ్‌వీడ్ జాతి వల్ల అమెరికాలో, యూరప్‌లో పెద్ద సమస్య. వయ్యారిభామ ఒంటికి తగిలితేనే దద్దురు లేచేవాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు. అందుకని ఏ మొక్కనైనా పరీక్ష చేసేటప్పుడు చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

*4. ఆకు ఒక్కటే చూస్తే ఎందుకు మోసపోతాం?*

మన మల్బరీనే చూడండి. నాటు మల్బరీ కొమ్మ మీద ఒక ఆకు చీలి ఉంటుంది, దాని పక్క ఆకు చీలకుండా గుండ్రంగా ఉంటుంది. రెండూ ఒకే చెట్టువి. ఆకు చీలిక చూసి ఇది వేరే రకం అంటే తప్పు గదా. నీడలో పెరిగిన ఆకు ఒక తీరు, ఎండలో పెరిగింది ఒక తీరు, లేతది ఒకటి, ముదురు ఒకటి. కలుపు మొక్కలూ అంతే.

పెబ్రిన్ రోగాన్ని ఎట్లా కనిపెడతారో గుర్తు చేసుకోండి. గుడ్డును పైకి చూసి చెప్పరు. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకను నూరి మైక్రోస్కోపు కింద చూస్తారు. తల్లిలో రోగం ఉంటే ఆ గుడ్లు పారేస్తారు. ఫ్రాన్స్‌లో పట్టు రైతులు మునిగిపోతున్నప్పుడు, 1865లో ఆ పని మీద దిగిన లూయీ పాశ్చర్ చూపిన దారి అది. రోగం ఏ దారిన వస్తుందో అక్కడ చూడాలి. ఈ కలుపు వేరు దారిన వస్తుంది. కాబట్టి వేరు దగ్గరే చూడాలి.

*5. పక్కపక్కన పెట్టి చూడండి: ఆరు గుర్తులు*

*మొలిచే తీరు:* వయ్యారిభామ లేతగా ఉన్నప్పుడు ఆకులన్నీ చక్రంలా నేలకు అంటుకొని పరుచుకుంటాయి. తర్వాత నడుమ నుంచి కాండం లేస్తుంది. రాగ్‌వీడ్ వేరు మొగ్గ నుంచి వస్తుంది కాబట్టి నేరుగా నిట్టనిలువు పిలకలా లేస్తుంది.

*ఆకు అమరిక:* కాండం అడుగు భాగం చూడండి. రాగ్‌వీడ్‌లో కింది ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ ఒకటి ఇటు, ఒకటి అటు అవుతాయి. వయ్యారిభామలో కాండం మీద ఆకులు మొదటినుంచీ ఒకటి ఇటు ఒకటి అటే, జంట ఉండదు.

*ఆకు చీలిక, తాకిడి:* వయ్యారిభామ ఆకు క్యారెట్ ఆకులా చీలిన చీలికే మళ్లీ చీలి సన్నగా ఉంటుంది. రాగ్‌వీడ్ ఆకు ఎక్కువగా ఒక్కసారే చీలుతుంది. మందంగా, బూడిద కలిసిన పచ్చగా, గరుకుగా ఉంటుంది. నలిపితే ఘాటు వాసన వస్తుంది.

*కాండం:* వయ్యారిభామ కాండం మీద నిలువు గాళ్లు ఉంటాయి. తల దగ్గర గుబురుగా కొమ్మలు వేస్తుంది.

*పువ్వు:* ఇది అన్నిటికంటే తేలిక గుర్తు. వయ్యారిభామకు తలనిండా చిన్న చిన్న తెల్ల పూలు, ఒక్కోటికి ఐదు మూలలు. దూరం నుంచి చూస్తే అన్నం మెతుకులు చల్లినట్టు ఉంటుంది. రాగ్‌వీడ్‌కు తెల్ల పువ్వు అనేదే లేదు. కొమ్మ కొసన పొడవు కంకి లేస్తుంది. కంకికి చిన్న చిన్న గిన్నెలు బోర్లించినట్టు పసుపుపచ్చ మొగ్గలు వేలాడతాయి. వేలితో తడితే పసుపు పొడి రాలుతుంది. ఇవి మగ పూలు. ఆడ పూలు కంకి కింద ఆకు చంకల్లో కంటికి ఆననంత చిన్నగా దాగి ఉంటాయి.

*వేరు:* వయ్యారిభామకు ముల్లంగిలా కిందికి దిగే ఒకే తల్లి వేరు, దానికి పక్క పీచులు. రాగ్‌వీడ్‌కు అడ్డంగా పాకే తాడు లాంటి వేరు, దాని మీద మొగ్గలు.

మొదటి ఐదింటిలో ఒకటి రెండు కుదిరినా అనుమానం పడాలి. ఆరోది కుదిరితేనే నమ్మాలి.

*6. మాచిపత్రి, దవనం, చేమంతితో పొరపడకండి*

మన పక్క చేమంతి తోటలు ఎక్కువ. చేమంతి, దవనం, మాచిపత్రి ఆకులు కూడా చీలికలుగా, వాసనగా ఉంటాయి. వినాయక చవితి పత్రిలో మాచిపత్రి పెడతాం కాబట్టి అది అందరికీ తెలుసు. దాని ఆకు తిప్పి చూడండి, అడుగు తెల్లగా దూది రుద్దినట్టు ఉంటుంది. రాగ్‌వీడ్‌కు అట్లా పైకి కిందికి తెలుపు తేడా ఉండదు. చేమంతి అయితే పువ్వు వచ్చేదాకా ఆగితే చాలు. పెరట్లో పెంచుకున్న మాచిపత్రిని ఈ పాఠం చదివి పీకేయకండి.

*7. వేరు పరీక్ష ఎట్లా చేయాలి?*

పార, గడ్డపార, ఒక పాత గోనె సంచి చాలు. తడి నేలలో చేస్తే మంచిది.

మొదటి అడుగు: అనుమానం వచ్చిన మొక్కను గుంజి పెరకకండి. గుంజితే వేరు మెడ దగ్గర తెగుతుంది, అసలు గుర్తు నేలలోనే ఉండిపోతుంది.

రెండో అడుగు: పక్కపక్కన ఉన్న రెండు మొక్కలను ఎంచుకోండి. వాటి నడుమ మట్టిని జానెడు లోతు మెల్లగా తీయండి.

మూడో అడుగు: చేత్తో మట్టి తడిమి చూడండి. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు తాడు కట్టినట్టు వేరు పోతుందా? దాని మీద తెల్లని మొలకలు ఉన్నాయా? ఉంటే అది ఏళ్ల కలుపు. రెండూ విడివిడిగా, దేని వేరు దానికి నేరుగా కిందికి దిగితే అది గింజతో మొలిచింది.

నాలుగో అడుగు: తీసిన మట్టిని, వేరు ముక్కలను గోనె సంచి మీదే పెట్టండి. చూడడం అయ్యాక ముక్క ఒక్కటి కూడా నేల మీద వదలకండి.

*8. అదే అని అనుమానం గట్టిపడితే*

మొదట ఫోటోలు తీయండి. మొక్క మొత్తం ఒకటి, కింది ఆకుల జంట ఒకటి, కొస కంకి ఒకటి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి వేరు ఒకటి. ఊరు పేరు, ఏ పంటలో ఉంది, ఎన్ని అడుగుల చోటులో ఉంది రాయండి. మీ పట్టు శాఖ టెక్నికల్ సర్వీస్ సెంటర్‌కు గానీ, ఎలుమిచ్చంగిరిలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ, పైయూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రానికి గానీ చూపించండి. మొక్కను తీసుకుపోవాల్సి వస్తే మూతి కట్టిన ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి, చేతిలో ఊపుకుంటూ బస్సు ఎక్కవద్దు.

వాళ్లు తేల్చి చెప్పేలోపు ఈ పనులు చేయండి.

ఆ చోటు చుట్టూ బారెడు ఎక్కువ వదిలి పుల్లలు నాటండి. ఆ గీత లోపల రోటవేటర్, గుంటక, పవర్ టిల్లర్ ఏదీ తోలవద్దు.

కంకి వచ్చి ఉంటే పుప్పొడి రాలకముందే, తెల్లవారి మంచు తడి ఉన్నప్పుడు, కోసి కవరులో వేయండి.

తోటలో మిగతా పని అంతా అయ్యాకే ఆ చోట పని చేయండి. బయటికి వచ్చేటప్పుడు పార, చెప్పులు అక్కడే దులపండి.

తవ్వి తీసిన వేర్లను ఎరువు గుంటలో వేయకండి. బండ మీద పెళపెళ ఎండబెట్టి కాల్చండి. వయ్యారిభామను పూతకు ముందు ఎరువు చేసుకోవచ్చు, దీన్ని కాదు.

మొదటిసారి తవ్వితే అంతా రాదు. కింద మిగిలిన ముక్క మళ్లీ మొలుస్తుంది. నిరుత్సాహపడకండి. వేరు బతికేది ఆకు చేసి పంపే తిండితోనే. మొలక నాలుగైదు ఆకులు వేయకముందే ప్రతిసారీ తీసేస్తే వేరు తన దాపుడు ఖర్చు పెట్టుకుంటూ పోయి చివరికి ఎండుతుంది. పదిహేను రోజులకు ఒకసారి చుట్టు తిరిగి రావాలి. ఒక్క కారు కాదు, రెండేళ్లు ఓపిక పట్టాలి. మంచమంత చోటు అయితే ఇది ఒక మనిషి అరపూట పని. అర ఎకరా అయితే ఎవరివల్లా కాదు. తేడా అంతా ఎప్పుడు చూశామన్న దాంట్లోనే ఉంది.

*9. మందు కొట్టవచ్చా?*

చాకీ కట్టిన తోటలో, ఆకు కోతకు వచ్చిన తోటలో కలుపు మందు మాటే వద్దు. గ్లైఫోసేట్ లాంటివి ఆకు మీద పడి వేరుదాకా పోయే మందులు. కలుపు వేరుకు పోయేది మల్బరీ చిగురు మీద పడితే మల్బరీ వేరుకూ పోతుంది. గాలికి తేలిన తుంపర ఆకు మీద పడితే ఆ ఆకు తినేది మన పురుగే. గ్లైఫోసేట్‌ను పురుగుమందుల నియంత్రణ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు కూడా ఇచ్చింది. అంగడివాడు చెప్పాడని డబ్బా తేకండి. గట్టు మీదైనా, బీడులోనైనా మందు తప్పదనిపిస్తే మీ సెంటర్ అధికారిని అడిగి, ఆయన చెప్పిన మోతాదులో, ఆయన చెప్పిన సమయంలోనే.

వయ్యారిభామ ఆకు తినే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరు దగ్గర వదిలారు. వానకాలంలో మన గట్ల మీద కూడా జల్లెడైన వయ్యారిభామ ఆకులు కనిపిస్తే అది దాని పనే కావచ్చు. దాన్ని చంపకండి. కానీ ఏళ్ల కలుపును ఇట్లాంటి పురుగుల మీద వదిలిపెట్టకండి. ఆకు తిన్నా వేరు నేలలోనే ఉంటుంది.

*10. రాకుండా ఉండాలంటే*

బయటి ఊరి పశువుల ఎరువు తోలించుకుంటే నేరుగా సాళ్లలో వేయకండి. ఒక మూల కుప్ప పోసి, బాగా మాగిన తర్వాతే వేయండి. ఆ కుప్ప చుట్టూ ఏమి మొలుస్తుందో కనిపెట్టండి.

నారు మొక్కలు కొంటే మట్టి ముద్దలో అడ్డ వేర్లు ఉన్నాయేమో విప్పి చూడండి.

బాడుగ రోటవేటర్ తోటలోకి దిగేముందు బ్లేడ్లు కడగమని అడగండి. డ్రైవరన్న విసుక్కున్నా సరే, ఒక బకెట్ నీళ్లు మీరే ఇవ్వండి.

*ఈ వారం పని*

ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతా పార్తీనియం అవగాహన వారం జరుగుతుంది. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ దీన్ని నడిపిస్తుంది. బడి పిల్లలు, సంఘాలు కలిసి వయ్యారిభామ పెరికే వారం అది. అంతదాకా ఆగనక్కర్లేదు. కొమ్మ కోసి చాకీ ఎత్తిన వెంటనే, తోట బోసిగా ఉన్నప్పుడే, గట్టు నుంచి గట్టుకు ఒకసారి నడవండి. డ్రిప్ లైన్ల వెంట, ఎరువు కుప్ప చుట్టూ, బండి తిరిగే దారి అంచున మూడు చోట్ల "కాంగ్రెస్ కసువు" అనుకున్నదాన్ని వేరుతో సహా తవ్వి చూడండి.

నేరుగా దిగిన తల్లి వేరు కనిపిస్తే సంతోషం, పూత రాకముందే పెరికేయండి. అడ్డంగా పాకిన వేరు కనిపిస్తే మట్టి కప్పి, పుల్ల నాటి, ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఫోటోలో వేరు తప్పకుండా ఉండాలి. ఆకు ఒక్కటే పెడితే ఎవరం ఏమీ చెప్పలేం.